మూల మీది అక్షరాలు

బెర్లిన్ శివారులోని తమ పేటకి ఏడువందల ఏళ్ళు నిండాయని పాత వస్తువుల ప్రదర్శన పెడుతుంటే, ముసలి గెర్లిండె వాళ్ళమ్మ పెళ్ళికి కుట్టుకున్న బల్లగుడ్డ పట్టుకొచ్చింది. ఇన్ని క్రిస్మస్ విందులు చూసినా దానిమీద ఒక్క మరక లేదని ఆమెకు మహా గర్వం.

చీటీ రాస్తున్న ఫోల్క్‌మార్ మాస్టారు ఆమెకు కాఫీ ఇచ్చి, గుడ్డ మూల తడిమాడు.

"మీ అమ్మగారు విల్మా హాకె కదండీ? ఇక్కడ ఆర్.ఎల్. అని కుట్టుందేంటి?"

"ఏమో, ఎవరు చూశారండీ! ఆ మూల మీద అమ్మ ఎప్పుడూ రొట్టెల బుట్ట పెట్టేసేది."

"మీ పక్కింటి రెహా లెవిన్‌ని, యూదురాలని, నలభై రెండులో నాజీలు చావు శిబిరానికి రైలెక్కించారు. ఆ వారమే ఆవిడ సామానంతా వేలం వేశారు."

గెర్లిండె, కాఫీ తొణికి గుడ్డ తడిసినా చూడకుండా, చేతిలో కప్పుని ఆ అక్షరాల మీద పెట్టేసింది.