మూడుసార్లు వస్తేనే ఫలితం

చీమల మీద ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోందని ఆ పిల్లని ల్యాబ్‌లో అందరూ చీమలమ్మాయి అనేవాళ్లు. ఆ పొద్దున చీమల పెట్టె ముందు కూర్చునుండగా ఈమెయిల్ వచ్చింది. ఇరవై రెండు చోట్ల కాదన్నాక, ఇరవై మూడో చోట రెండేళ్ల పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం ఇచ్చారు. కాళ్లు నేల మీద ఆనకుండా గైడ్ మేడమ్ గదిలోకి పరుగెత్తి, ఫోన్‌లో ఆ మెయిల్ గడగడా చదివేసింది.

ఏ ప్రయోగమైనా మళ్లీ చేసి చూపిస్తే గానీ నమ్మని మనిషి మేడమ్. కళ్లజోడు సర్దుకున్నారు.

"ఒక్కసారి వస్తే అది ఫలితం కాదు. మూడుసార్లు రావాలి."

ఆరేళ్లుగా ప్రాణం తోడేసిన మాటే అది. చీమలమ్మాయి నవ్వాపుకోలేక రెండోసారి చదివింది. మూడోసారి బల్ల చుట్టూ తిరుగుతూ చదివింది.

"మూడుసార్లూ ఒకటే వచ్చింది మేడమ్. ఇప్పుడైనా నమ్ముతారా?"

"మన దగ్గర వస్తే సరిపోతుందా? పక్క ల్యాబ్‌లోనూ రావాలి," అంటూ మేడమ్ ఫోన్ లాక్కుని లేచారు.

చీమ చిటుక్కుమన్నా వినిపించే ఆ వరండాలో తలుపు తలుపూ తట్టి, గొంతెత్తి చదువుతూ పోయారు. ఏడో గుమ్మం దగ్గర ఆ గొంతు వణికింది.

"ఈసారి తేడా వచ్చింది మేడమ్," అంది వెనకే వస్తున్న చీమలమ్మాయి. "మొదట్నుంచీ మళ్లీ చెయ్యాలి."