మూడో వరుస

భార్య కామేశ్వరి పోయి ఏడాది తిరిగింది. అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో, నాలుగు పడగ్గదుల ఇంట్లో డాక్టర్ యజ్ఞనారాయణ ఒక్కడే మిగిలాడు. ఆయనతోపాటు ఒక ఇంగ్లీషు పాట ముక్క మిగిలింది. ‘పక్కింటావిడ రమ్మని పిలిచింది, ఆదివారమూ కాదు, ఎవరూ పోనూ లేదు’ అని దాని అర్థం. మిగతాది గుర్తుకొస్తే ఒట్టు.

అది విన్నది డెబ్భై ఆరులో, ఈ ఇంట్లోనే. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలుద్దామంటే చుట్టుపక్కల తెలుగు మొహమే లేదు. కామేశ్వరి ఊరుకునే మనిషా! పక్కింటి నల్లజాతి పెద్దావిడ ఎర్నెస్టీన్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కాళ్ళకి పసుపు రాసి, బొట్టు పెట్టి, శనగలు చేతిలో పోసి, ఏ పేరంటాలినైనా అడిగినట్టే ఓ పాట పాడమంది. ఆవిడ నవ్వి, నల్లవాళ్ళు కష్టసుఖాలు చెప్పుకునే బ్లూస్ పాట ఒకటి అందుకుంది. మేడమీద ఈయనగారు డాక్టరు లైసెన్స్ పరీక్షకి చదువుకుంటున్నాడు.

ఎర్నెస్టీన్ కూడా పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ పాట మళ్ళీ వింటే కామేశ్వరి కాసేపైనా ఇంట్లో ఉన్నట్టుంటుందని పాపం ఈయన ఆశ. ఇంటర్నెట్‌లో నెల్లాళ్ళు వెతికాడు, దొరకలేదు. చివరికి షాంటిలీలో ఉన్న పాత రికార్డుల పిచ్చివాడు, స్నేహితుడు ధర్మారావుకి ఆనాటి పేరంటం సంగతి చెప్పి, గుర్తున్న ముక్క కూనిరాగం తీసి పంపాడు. వారానికి ఫోన్ వచ్చింది.

“ఒరేయ్, నీ గొంతు భరించడం కష్టమే గానీ పాట దొరికింది. హండ్రెడ్ ఇయర్స్ కిందటి రికార్డు. లింక్ పంపాను. నీ లైన్ మాత్రం అందులో లేదు.”

“లేకపోవడమేంట్రా? నా చెవులతో విన్నాను!”

“విన్నావు, కాదనను. పాత ట్యూన్‌లో వాళ్ళ సొంత సంగతులు యాడ్ చేసి పాడేవాళ్ళురా. ఆవిడ అక్కడికక్కడ కట్టుంటుంది. ఆదివారం చర్చికీ, ఎవరైనా పోతేనూ తప్ప ఆవిణ్ణి పిలిచేదెవరు? ఏ కారణం లేకుండా పిలిచిన పక్కింటావిడ ఎవరనుకున్నావ్? మీ ఆవిడే!”

యజ్ఞనారాయణ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. ధర్మారావు ఆగలేదు.

“ఈ పాటల్లో ఒకే మాట రెండుసార్లు పాడి, థర్డ్ లైన్‌లో అసలు సంగతి చెప్తారు. ఆ థర్డ్ లైన్ చెప్పు, రాసుకుంటాను. ఇంకెక్కడా దొరకదు.”

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి ఆ మాట వినబడగానే చదువు పాడవుతోందని విసుక్కుంటూ లేచాడు. రెండోసారి వినబడేసరికి తలుపు దగ్గరున్నాడు. ధడాలున వేసేశాడు. ఆ చప్పుడికి కింద పాట ఆగిందో సాగిందో, కామేశ్వరి మొహం ఎలా అయిందో ఏభై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

“గుర్తులేదురా,” అని ఫోన్ పెట్టేశాడు.

మేడెక్కి ఆ గది తలుపు బార్లా తెరిచాడు. గడపలో కూలబడి లింక్ నొక్కాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి గరగర శబ్దాల మధ్య పాడుతున్నాడు.

“మూడోసారి ఏమందే ఆవిడ? నీ గురించి ఏమంది?” అని కింద హాల్లోకి అడిగాడు.

మూడు నిమిషాల్లో పాట అయిపోయింది. ఆయన తలుపు వెయ్యలేదు.