ఆమె బిగించిన ర్యామ్

ఫిట్టరు తన ఇంటి కంప్యూటరును రిపేరు దుకాణం బల్ల మీద జాగ్రత్తగా పక్కకు పడుకోబెట్టాడు. రిపేరు చేసే ఆవిడ మరలు విప్పి మూత తీసింది. వెంట వచ్చిన బావమరిది ఆవిడ భుజం మీదుగా మెడ చాచాడు.

"ర్యామ్ పెంచాలమ్మా. మెమరీ చాలక ఒక ఆట సగంలో ఆగిపోతోంది," అన్నాడు ఫిట్టరు.

ఆ ఆటలో ఆయన భార్య మూడేళ్లపాటు ఒక ఊరు కట్టింది. వీధులు, వంతెనలు, దీపాలు వెలిగే కిటికీలు. ఆసుపత్రికి వెళ్లే ముందురోజు నది అవతల కొత్త పేట మొదలుపెట్టింది. "దీనికిక ర్యామ్ చాలదు, తిరిగొచ్చాక కొందాం," అంది. తిరిగి రాలేదు. ఎనిమిది నెలలుగా ఆయన ఎప్పుడు ఆ ఊరు తెరవబోయినా సగం దాకా వచ్చి తెర నల్లబడుతోంది.

"ఎనిమిది జీబీవి రెండున్నాయి," అంది ఆవిడ లోపలికి చూస్తూ. "ఇవి తీసేసి, ఇంతే పట్టేవి ఇంకా వేగమైనవి వెయ్యొచ్చు. లేదంటే రెట్టింపు పట్టేవి ఉన్నాయి, కాకపోతే నిదానం."

"వేగమైనవే వెయ్యండి," అన్నాడు బావమరిది. "బావా, నీ నడకెలాగూ నత్తనడకే. దీనికి కూడా నేర్పకు."

"నువ్వు మా ఇంటికి నన్ను చూడ్డానికొస్తున్నావా, కంప్యూటర్లో కార్ల పందేలకొస్తున్నావా?"

"రెండిటికీ. ముందు కార్లు."

ఆవిడ నవ్వి, ర్యామ్ తీయడానికి చెయ్యి పెట్టబోయింది. ఫిట్టరు చెయ్యి అడ్డం వచ్చింది.

"అవి తియ్యొద్దు. మా ఆవిడ తన చేత్తో బిగించింది. పక్కన రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నాయిగా, నిదానంవే వాటిలో పెట్టండి."

"కలిపితే నష్టం సార్. మీ పాతవి వేగమైనవే అయినా, నిదానమైనవాటితో సమానంగానే పోతాయి. ఒక్కోసారి అసలు పనిచేయకుండా మొరాయిస్తాయి."

"మొరాయిస్తే అప్పుడు చూద్దాం."

"ఇదేం మొండితనం బావా? వేగం పోగొట్టుకుని..."

"మీ అక్క ఊరు తెరవాలిరా."

బావమరిది ఫిట్టరు వైపు తిరిగాడు. "అది ఇంకా ఉందా?" అన్నాడు. ఆమెతోపాటే అదీ పోయిందనుకున్నాడు కాబోలు. "కొన్నప్పుడే అక్క ఎక్కువ పట్టేవి కావాలంది. పందేల కోసం నేనే వేగమైనవి కొనిపించాను."

"నిన్నెప్పుడైనా కాదందా మీ అక్క?"

రిపేరు ఆవిడ రెండు కొత్తవి తీసి, పాతవాటి పక్కన నొక్కి పెట్టింది. మొదటిసారి తెర వెలగలేదు. కొత్తవి తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. వెలిగింది.

ఇంటికొచ్చాక ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. తెర మీద ఆట ఎంతవరకు తెరుచుకుందో చూపే గీత మెల్లగా పాకింది. ఎప్పుడూ ఆగే చోటు దాటుతుంటే ఫిట్టరు తెర మీదికి వంగాడు. ఊరు తెరుచుకుంది.

వీధుల్లో నడక తడబడుతోంది. నాలుగడుగులకోసారి బొమ్మ బిగుసుకుపోయి మళ్లీ కదులుతోంది. బావమరిది విసుక్కోలేదు. వంతెన మీద ఆగిపోయినప్పుడు మాత్రం, "అక్క కూడా ఇలాగే నడిచేది, ప్రతి అంగడి ముందూ ఆగుతూ," అన్నాడు.

నది అవతల ఒకే ఇల్లు ఉంది. మూడు గోడలు లేచాయి. నాలుగోదానికి కావలసిన ఇటుకలు పక్కన పేర్చి ఉన్నాయి, వరుస తప్పకుండా.

"కట్టేద్దామా బావా? పది నిమిషాల పని."

ఫిట్టరు ఆ ఇటుకల వైపు చూశాడు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

"వద్దులే. ముందు ఇంటి లోపలికి పోనీ. అక్కడ నిలబడితే మీ అక్కకు నది ఎంతమేర కనిపించేదో చూడాలి."