రామలక్ష్మమ్మ పచ్చబొట్టు

"అమ్మకు మతి పోయింది, వెంటనే రా" అని అన్న కబురు పంపాడు. మా అత్తగారి ఊరు నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగేదాకా నాకు భయమే. నాయన పక్షవాతంతో మంచాన పడి అప్పటికి నాలుగు నెలలు. కుడి చెయ్యి, సగం నోరు తప్ప ఏదీ ఆడదు. ఆయనకేదో అయివుంటుంది, ఆ మాట నేరుగా చెప్పలేక అమ్మ పేరు పెట్టి పిలిపిస్తున్నారేమో అనుకున్నాను.

ఇంటికి పోయి చూస్తే నాయన ఎప్పటిలాగే పడుకుని ఉన్నాడు. అమ్మ మాత్రం పెరట్లో, గొడ్ల కొట్టం పక్కన ఒక్కతే కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి తలెత్తింది. కనుబొమల మధ్య, రోజూ కుంకుమ పెట్టుకునే చోట, కందిగింజంత పచ్చబొట్టు. చుట్టూ వాచి ఎర్రగా ఉంది.

అమ్మకు యాభై ఏళ్లు. మా ఇళ్లలో ఆడపిల్లలకు పదేళ్లు రాకముందే పచ్చబొట్లు పొడిపిస్తారు. అమ్మ మాత్రం చిన్నప్పుడు ఆ సూదులు చూసి గడ్డివాములో దాక్కుందట. ఆమె ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదని నాయన ఎన్నేళ్లు ఎగతాళి చేశాడో! అలాంటి మనిషి, ఇంట్లోవాళ్లంతా జొన్నకోతకు పోయిన రోజు చూసుకుని, వీధిలో పోతున్న పచ్చబొట్లామెను పిలిచి, చేటెడు జొన్నలు పోసి, ఆమె ముందు నుదురు పెట్టి కూర్చుంది.

"ఏందిమా ఇది? ఈ వయసులో?" అన్నాను.

"బొట్టు" అంది అమ్మ, చెరగడం ఆపకుండా.

"బొట్టంట బొట్టు!" వెనక నుంచి ఓబుళమ్మత్త అరిచింది. "మొగుడు బతికుండంగనే ముండమోపి బతుక్కి ఏర్పాట్లు చేసుకుంటాంది మీయమ్మ! సిగ్గుల్యా?"

ఓబుళమ్మత్త నాయనకు అక్క. ఇరవై ఏళ్లకు మొగుడు పోయి పుట్టింటికొచ్చింది. ముప్పై ఆరేళ్లుగా మా ఇంట్లో పెత్తనమంతా ఆమెదే. ఆమె అన్న మాటతో నాకు సంగతి అర్థమైంది. మొగుడు పోయిన ఆడదానికి పదోరోజు విధవలు పూనుకుని బొట్టు తుడుస్తారు. కుంకుమను తుడవొచ్చు. పచ్చబొట్టును ఎవరు తుడుస్తారు?

నిజం చెప్తున్నాను, నాకు ముందు ఒళ్లు మండింది అమ్మ మీదే. నాయన ఊపిరి తీస్తుండగానే ఇదేం పని?

"నాయన సస్తాడని నీకెవరు చెప్పిరి?" అని గట్టిగా అడిగాను.

అమ్మ చేట కింద పెట్టింది. "సావడని నువ్వు చెప్పు. ఇప్పుడే ఈ తోలు కోసి పారేస్తా."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నేను కాపరానికొచ్చిన ఏడే మీయత్త మొగుడు పాయె" అంది అమ్మ, గొంతు తగ్గించి. "వాళ్లింట్లో తలుపు సందులోంచి చూస్తి. ముగ్గురు పట్టుకుంటే నాలుగో ఆమె తుడిచె. ఆ అరుపు ఇంగా నా చెవుల్లోనే ఉండాది. నన్ను అట్ల పట్టుకోనియ్యను."

ఇంతలో నాకు ఇంకో సంగతి తెలిసింది. ఐదు రోజులుగా అమ్మను నాయన గదిలోకి రానివ్వడం లేదు. ఆ మొహంతో ఎదురుపడితే అపశకునమని అన్న గడప దగ్గరే కాపలా కూర్చున్నాడు. నాయనతో అమ్మకు జ్వరమని చెప్పాడట. వదిన సంగటి తినిపించబోతే నాయన మూతి తిప్పేసుకుంటున్నాడు. ఐదు రోజులుగా రెండు గుక్కల మజ్జిగే ఆయన తిండి. తండ్రిని బతికించుకోవాలనుకునేవాడు చేసే పనేనా ఇది? అమ్మ మీది కోపమంతా పోయి అన్న మీదికి మళ్లింది. వాణ్ని తోసుకుని లోపలికి పోయి, నాయన మంచం పట్టె మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

నాయన కుడి చేత్తో పెరటి వైపు చూపించాడు. "పిలుసుకరా" అన్నాడు.

"వద్దు నాయనా, ఆ మొగం చూస్తే నీకు మంచిది గాదు" అని అన్న అడ్డం నిలబడ్డాడు.

"సీనుగా!" సగం నోటితోనే అన్న మీద అరిచాడు నాయన. "దాన్ని ఆపినోడు నా పాడె ముట్టుకోగూడదు."

అన్న పక్కకు తప్పుకున్నాడు. అమ్మ వచ్చి మంచం దగ్గర వంగింది. నాయన కుడి చెయ్యి పైకెత్తి ఆ వాపును వేలితో తడిమాడు.

"నొప్పి పుట్టిందా?"

"ల్యా."

"అబద్దాలు. గడ్డివాములో దాక్కున్న్యదానివి." నాయన నవ్వబోతే మూతి ఒక పక్కకే పోయింది. అమ్మ కొంగుతో ఆయన మూతి తుడిచి, ఏడుస్తూనే సంగటి తినిపించింది.

పన్నెండు రోజులకు నాయన పోయాడు. అంతే, ఊరి నోళ్లన్నీ అమ్మ మీద పడ్డాయి. ఆ పచ్చబొట్టే ఆయన్ను మింగిందన్నారు. శవం దగ్గరే ఓబుళమ్మత్త ఆ మాట గుండెలు బాదుకుంటూ అంది. నాలుగు నెలలు మలమూత్రాలు ఎత్తిన మనిషి హంతకురాలైపోయింది! ఇంటినిండా చుట్టాలున్నారని నేను పళ్లు బిగించుకుని ఊరుకున్నాను.

పదోరోజు పొద్దున ఊరి పక్క వక్కిలేటి గట్టుకు అమ్మను నడిపించుకుపోయారు. ఓబుళమ్మత్త, ఆమెతో ఇంకో ఇద్దరు ముసలి విధవలు. నేనూ వెంటపోయాను.

"ముత్తైదువవు, నువ్వీడ ఉండగూడదు. పో" అంది అత్త.

"ఉంటా. ఏం చేస్కుంటావో చేస్కో."

అత్త నా మీద ఉమ్మినంత పని చేసి, గుడ్డ తడిపింది. ఒక్క తుడుపుకు కుంకుమ పోయింది. కింద పచ్చబొట్టు అట్లాగే ఉంది. మళ్లీ తుడిచింది. "గట్టిగా రుద్దు ఓబుళమ్మా" అన్నారు ముసలివాళ్లు. అత్త ఏటి ఇసుక పిడికెడు తీసుకుని రుద్దింది. పళ్లు కొరుకుతూ రుద్దింది. అప్పుడప్పుడే మానుతున్న చర్మం చిట్లి రక్తం ముక్కు మీదికి జారింది. నేను అత్త జుట్టు పట్టుకోబోయాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"రుద్దనీ. వదినా, రుద్దు. నన్నెవరూ పట్టుకునే పని గూడా ల్యా. పొద్దుగూకేదాకా కూచుంటా, రుద్దు."

అత్త చెయ్యి ఆగింది. అమ్మ భుజాల వైపు చూసింది. నిజంగానే ఎవరూ పట్టుకోలేదు. పిడికిట్లోని ఇసుక కింద పడింది.

"ఏమాయె? ఇంగ రెండుసార్లు రుద్దితే..." అంటూ ఒక ముసలామె ముందుకొచ్చింది.

"దాని మొగాన చెయ్యి పెడితే ఆ చెయ్యి ఇరుస్తా!" అత్త గొంతు గట్టంతా వినబడింది. అంతలోనే అమ్మ వైపు తిరిగి, ఆ తడి చేత్తోనే చెంప మీద ఒక్కటి కొట్టింది. "నా మొగుడు మంచాన ఉన్న్యాప్పుడు ఈ తెలివి యాడ పోయిందే? ఇంటినిండా ఆడోళ్లు ఉండిరి. నాకెవరు చెప్తిరే? ఒక్కరన్నా చెప్పకపోతిరి గదే!"

అమ్మకు అప్పుడు పద్నాలుగేళ్లు. తలుపు సందు వెనక నిలబడిన పిల్ల. అత్త ఏడుస్తూ అమ్మ భుజాన్ని పిడికిలితో గుద్దుతూనే ఉంది. అమ్మ దెబ్బలు తింటూనే ఆమెను దగ్గరికి లాక్కుంది.