వజ్రాల దేశపు మనిషి

హొన్నూరమ్మ సోలార్ ప్యానెళ్ల కింద వంగి గడ్డి కోస్తూనే, ఆ పొడవాటి మనిషిని ఓరకంట గమనిస్తోంది. అతను మోకాళ్ల మీద కూర్చుని, మట్టిని వేళ్ల మధ్య నలిపి, గుప్పెడు తీసి కాగితంలో పొట్లం కట్టుకున్నాడు.

బలసముద్రంలో మట్టి చూసినవాళ్లెవరూ ఊరికే పోలేదు. పదేళ్ల కిందట ఇట్లాగే కంపెనీవాళ్లు జీపుల్లో వచ్చారు. ఆ తర్వాత కంచె వచ్చింది. భూమి ఉన్నవాళ్లకు కౌలు వచ్చింది. సెంటు భూమి లేని హొన్నూరమ్మకు శెనక్కాయ పీకే కూలీ పోయింది, తన మేకలు మేసే బీడూ పోయింది. యాభై రెండేళ్లకే నడుం వంగింది. కుడి అరచేతిలో కొడవలి పిడి రాసి రాసి కాయ కాసింది.

సూపర్‌వైజర్ వీరేశ్ ఆ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఈయన కగీసో. బోట్స్వానా అంట, ఆఫ్రికాలో దక్షిణానికి ఉండాది. మన సోలార్ పార్కు చూసేకి వచ్చినాడు. నీతో మాట్లాడల్లంటాడక్కా."

"నాతో ఏం మాటలప్పా? పనుండాది."

కగీసో ఇంగ్లీషులో చెబుతుంటే వీరేశ్ తెలుగులో చెప్పాడు. వాళ్ల దేశంలో చాలా మటుకు కలహారి ఎడారి. వానంటే ఎంత అపురూపమో, డబ్బుకు కూడా 'పులా' అని వాన పేరే పెట్టుకున్నారు. తెల్లవాళ్ల పాలన పోయిన మరుసటేడు నేలలో వజ్రాలు దొరికాయి. అంతకుముందు పశువులే బతుకు. ఇప్పటికీ పల్లెల్లో బీడు ఊరందరిదీ.

వజ్రాలున్న దేశపు మనిషికి ఈ గరుసు మట్టితో ఏం పని? ఆమె కొడవలి పిడిని గట్టిగా పట్టుకుంది.

"పార్కు వచ్చినాక మీరు ఎట్లుండారని అడుగుతాడు."

ఆమె వీరేశ్ ముఖం చూసింది. రేపు పనికి పిలిచేదీ, పిలవనిదీ అతనే.

"బాగుండాం."

ఆ ఒక్క మాటను వీరేశ్ ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. ఒక్క మాట ఇంత పొడుగెట్లా అయింది? కగీసోకూ అదే అనుమానం వచ్చినట్టుంది. వీరేశ్‌ను కాక, ఆమెనే చూస్తున్నాడు.

అంతలో వీరేశ్‌కు ఫోనొచ్చింది. మాట్లాడుతూ వరస చివరికి నడిచాడు.

కగీసో నేల మీద చతికిలబడి తన ఫోన్లో ఫొటో చూపించాడు. ముళ్లకంప దొడ్డి, తలకు గుడ్డ కట్టుకున్న ముసలామె, చుట్టూ మేకలు. ముసలామెను చూపి తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత పక్కనున్న ప్యానెల్‌ను తట్టి, అదే వేలిని ఫొటోలోని బీడు మీద పెట్టి, ఆమె వైపు చూశాడు. అక్కడికీ ఇవే వస్తాయంటున్నాడా?

నా నోట నిజం రాబట్టేకి కంపెనీవాళ్లే పంపినారేమో? వీరేశ్ వీపు ఇంకా అటే తిరిగి ఉంది. ఫొటోలో ఒక మేకపిల్ల ముసలామె బట్ట అంచు నములుతోంది.

హొన్నూరమ్మ గొంతు తగ్గించి "మ్మే" అంది, అచ్చం మేకలాగే. పన్నెండని వేళ్లతో చూపింది. కంచెను చూపింది. ఖాళీ చేతులు రెండూ చాచింది.

కగీసో తలమీది హెల్మెట్ తీసి నేల మీద పెట్టాడు. "మ్మా," అన్నాడు మెల్లగా. పెద్దామెను వాళ్లు అట్లా పిలుస్తారేమో.

వీరేశ్ తిరిగొచ్చాడు. "ఏం చెప్పినావక్కా?"

"ఏముంది చెప్పేకి? పాములుంటాయి, చూసి కూర్చోమన్నా."

వీరేశ్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "రేపు నేను ఫోన్ చేస్తేనే రా," అని, కగీసోను జీపు వైపు నడిపించాడు.

ఆ ఫోన్ రాదని ఆమెకు తెలుసు. అయినా మిగిలిన గడ్డి వేళ్ల దాకా కోసింది. పొద్దు వాలాక, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటి వెళ్లిపోయింది.

కగీసో కూర్చున్న చోట పసుప్పచ్చ హెల్మెట్ వెల్లకిలా పడి ఉంది, లోపలి పట్టీ మీద ఆరిన చెమట తెల్లగా చారలు కట్టి.