చెవి వెనక

"రేపే పద్యాల సభ. ఒకటి చెప్పు," అన్నాడు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి. నేను ఉడికిన సోబా నూడుల్స్ వారుస్తున్నాను. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది.

"ఈసారి ఏమీ లేదండీ."

"లేకపోవడమేంటి? నీ నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఆడుతూనే ఉంటుందిగా."

ఆడుతూనే ఉంటుంది, నిజమే. మా జపాన్ భాషలో పాటనీ ఉతా అనే అంటారు, ముప్ఫై ఒక్క అక్షరాల పద్యాన్నీ ఉతా అనే అంటారు. మా ఆయనకి అది పద్యం. బల్ల ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటే తప్ప రాదనుకుంటాడు, అలా కూర్చున్నా రాదు. నాకేమో గిన్నెలు తోముతుంటేనో, బట్టలు పిండుతుంటేనో కూనిరాగంలా వచ్చేస్తుంది. ఆయన విని, వేళ్ళు మడిచి పాదానికి ఐదూ ఏడూ అక్షరాల లెక్క చూసుకుని, ఒక మాట మార్చి పట్టుకెళ్తాడు. మాట మార్చాక అది తనదేనని ఆయన నమ్మకం. మొదట్లో నాకు కడుపు మండేది. తర్వాత అదీ పోయింది. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి ఇస్తున్నాను, పెట్టెలో మధ్యాహ్నం భోజనం సర్ది ఇస్తున్నాను, ఇదీ ఇస్తున్నాను, అంతే అనుకున్నాను.

కానీ ఈసారి నోట్లో ఉన్నది ఇచ్చేది కాదు. అది అత్తయ్యది.

అత్తయ్య చలికాలం మొదట్లో పోయింది. మంచాన పడ్డాక ఆవిడ గంజీ నేనే, గుడ్డలూ నేనే, ఒళ్ళు తుడవడమూ నేనే. ఆవిడ నోరు మాత్రం మంచాన పడలేదు. "పల్లెటూరి పిల్ల, పని చేస్తుందన్నారు కానీ పాడుతుందని చెప్పలేదు మీ వాళ్ళు," అనేది. "పాడకు. ఈ ఇంట్లో ఎవరో సుఖంగా ఉన్నారనుకుంటారు వీధిలో వాళ్ళు," అనేది. నేను నోరు మూసుకుని లోపల పాడుకునేదాన్ని. ఆవిడ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. శవపెట్టెలో పడుకోబెట్టే ముందు గోరువెచ్చటి నీళ్ళతో చివరి స్నానం చేయించాలి. ఆవిడ కొడుకే కదా అని మా ఆయన్ని రమ్మన్నాను. "నేను చూడలేను, నువ్వే కానివ్వు," అని వరండాలో సిగరెట్ కాల్చుకుంటూ నిలబడ్డాడు. ఆవిడ తల నా మోచేతి మీద పెట్టుకుని జుట్టు తుడుస్తుంటే ఆ ఉతా వచ్చింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే పూజ అరలో ఆవిడ ఫోటో ముందు వేడన్నం పెడుతూ అదే గొణుక్కుంటున్నాను. ఏడుపు బదులు నాకున్నది అదొక్కటే.

మర్నాడు పొద్దున నేను అన్నం పెడుతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినపడింది. "చూశావా, ఉంది కదా. మళ్ళీ చెప్పు."

తిరిగి చూస్తే వేళ్ళు మడుస్తున్నాడు.

"ఇది వద్దండీ. ఇది నాది."

ఆయన నవ్వాడు. "నీది నాది ఏంటి, మా అమ్మ గురించేగా. నాకే ఎక్కువ హక్కు." కాసేపు ఆలోచించి, "తిట్లు అని ఎవరైనా రాస్తారా చచ్చిపోయిన మనిషి మీద? లాలన అని పెడతాను," అన్నాడు.

అన్నం మీద ఆవిరి తగ్గేదాకా అక్కడే కూర్చుని, లేచి సభకి టీ సరంజామా సర్దాను.

సభ మా ఊరి సామాజిక భవనంలో, మేడ మీద చాపల గదిలో. సభ్యులు పన్నెండు మంది. టీ కలిపేది సభ్యుల భార్యలు, వంతులవారీగా. ఈ నెల వంతు నాది. అందరూ పేరు లేకుండా చీటీల మీద రాసి వేస్తారు. అవి కలిపేసి, ఎవరి చేతిరాతో తెలియకుండా వేరేవాళ్ళు తిరగరాస్తారు. నచ్చినవి ఏరుకున్నాక ఒకరు పైకి చదువుతారు. చదవగానే రాసినవాళ్ళు తమ పేరు చెప్పాలి. ఆ క్షణందాకా ఎవరిదో ఎవరికీ తెలియదు.

నేను గది గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కప్పులు నింపుతున్నాను. అన్నిటికంటే ఎక్కువ మంది ఏరుకున్న ఉతాని చదివారు.

చెవి వెనక
చిన్న పుట్టుమచ్చ,
ఇన్నేళ్ళ లాలనలో
ఒక్కసారీ కనపడలేదు,
చివరి స్నానం దాకా.

మా ఆయన గొంతు సవరించుకుని, "తొకిహారు," అని తన పేరు చెప్పాడు.

"అబ్బ, ఏం కొడుకండీ," అన్నారెవరో. ఒకాయన రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "మగవాడై ఉండి స్వయంగా స్నానం చేయించారు, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?" అన్నాడింకొకాయన. మా ఆయన తల వంచాడు. సిగ్గుతో వంచాడో వినయంతో వంచాడో నాకు అక్కర్లేదనిపించింది. నా చేతులు మాత్రం టీ పోయడం మర్చిపోయాయి.

అప్పుడు గురువుగారు మాట్లాడింది. ఎనభై దాటిన ముసలమ్మ, చెవులు కాస్త మందం. "బాగుంది తొకిహారు. కానీ ఇందులో ఏదో ఒకటి అతకట్లేదు నాకు. లాలించే తల్లి ఒళ్ళో పెరిగిన పిల్లాడికి ఆవిడ చెవి కనపడకపోవడమేంటి? అది సరే, ఏ చెవి వెనక?"

మా ఆయన తడుముకున్నాడు. "అదీ... ఎడమ..." ఆగాడు. తర్వాత ఇంట్లో సాక్సులు ఎక్కడున్నాయని అడిగినట్టే, అంతే మామూలుగా, నా వైపు తిరిగాడు.

"ఇదిగో, అమ్మకి ఏ వైపే ఆ మచ్చ?"

పన్నెండు తలలూ నా వైపు తిరిగాయి. నాకు భయం వేయలేదు. కోపమూ రాలేదు. కూజా కింద పెట్టి, చేతులు ఎప్రాన్‌కి తుడుచుకుని, చాప మీద సర్దుకుని కూర్చున్నాను.

"కుడి చెవి వెనకండీ," అన్నాను గురువుగారికి వినపడేలా. "అక్కడ లాలన అని లేదు, తిట్లు అని ఉంది." తర్వాత, రాసినవాళ్ళు చెప్పాల్సినట్టే, నా పేరు చెప్పాను. "కినుయో."