అంచుదాకా పోసిన టీ

పియాలాలో, అంటే పిడిలేని కప్పులో, టీ సగానికే పోయాలి. బిష్కెక్‌లో ఏ కోడలైనా నేర్చే మొదటి పాఠం ఇది. సగం పోస్తే "తీరిగ్గా కూర్చోండి, మళ్ళీ పోస్తాను" అని అర్థం. అంచుదాకా పోస్తే "తాగి బయల్దేరండి" అని. దీనికి శాస్త్రీయమైన ఆధారమేదీ లేదు. ఉన్నదల్లా కోడలి మోకాళ్ళ నొప్పి: అతిథులు లేచేదాకా ఆమె కెటిల్ పక్కనుంచి కదలకూడదు.

ఆ శనివారం బూరుల్ కెటిల్ పక్కన ఉంది; ఆమె పని పక్కగదిలో ఉంది. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసిన ఆమె, పాప నిద్రపోయే వేళల్లో, దేశదేశాలవాళ్ళు జీతం లేకుండా కలిసి రాసే ఒక ఓపెన్‌సోర్స్ వెబ్ సర్వర్‌కు వెబ్‌సాకెట్ అమర్చింది. అంతవరకూ ఆ సర్వర్‌కు తెలిసిన మర్యాద ఒకటే: బ్రౌజర్ అడిగితే జవాబివ్వడం, ఆపైన నోరు మూసుకోవడం. వెబ్‌సాకెట్ ఉంటే ఒకసారి పలకరించుకున్నాక లైను తెరిచే ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా ముందుగా మాట్లాడవచ్చు. జీతం లేని చాకిరీ బూరుల్‌కు కొత్త కాదు. కాని ఈ చాకిరీలో చేసినవారి పేరు పని పక్కనే ఉంటుంది.

ఆ పనిని చేర్చుకోవాలా వద్దా అన్నది సర్వర్ బాధ్యులు ఆ మధ్యాహ్నమే వీడియో కాల్‌లో తేలుస్తారు. సరిగ్గా అప్పుడే అత్తగారి అక్క సాయ్‌రా వచ్చింది.

"నువ్వు పెద్దమ్మ సంగతి చూడు, వాళ్ళతో నేను మాట్లాడతాలే. మనిద్దర్లో ఎవరైతే ఏంటి, బంగారం?" అన్నాడు భర్త సమత్. అతనూ ప్రోగ్రామరే. ప్రేమగానే అన్నాడు. ఆమె ఉద్యోగం మానేటప్పుడు "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలిగా" అన్నదీ అంతే ప్రేమగా. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ తానే ఎలా అవుతోందో, సంభావ్యతా సూత్రాలు చదువుకున్న బూరుల్‌కు అంతుబట్టేది కాదు.

తెరిచిన తలుపులోంచి కాల్‌లో ఎవరిదో గొంతు వినిపించింది. "అవతలివాడు చాలాసేపు మాట్లాడకపోతే 'ఉన్నావా?' అని అడగడం, జవాబు రాకపోతే లైను మూసేయడం... ఇదంతా దండగ కదా? తీసేస్తే పోలా?"

ఆమె అన్నిటికంటె ఎక్కువగా శ్రమపడింది దానిమీదే. చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళ లైన్లు పేరుకుపోతే సర్వర్ ఎలా కుప్పకూలుతుందో మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూసింది. సమత్‌కు చెప్పబోతే "రేపు వింటా" అన్నాడు.

"సరే, తీసేద్దాం లెండి," అంటున్నాడతను.

"ఏమ్మాయ్! నన్ను పొమ్మంటున్నావా?"

బూరుల్ ఉలిక్కిపడింది. సాయ్‌రా పియాలా నిండి, టీ కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీదికి పారుతోంది.

"అయ్యో, లేదు పెద్దమ్మా!"

అత్తగారు పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళుగా నేను పొయ్యాలనుకుని పొయ్యలేకపోయానక్కా. నా కోడలు పోసేసింది!"

"నీ నోట్లో మన్నుపడ! ఐతే నేను కదిలేది లేదు," అంటూ సాయ్‌రా దిండుకు మరింత చేరగిలబడింది.

"దాని ప్రాణమంతా ఆ గదిలో ఉంది. పోవే, పో," అంది అత్తగారు.

"మరి టీ, అపా?" అని అత్తగారిని అడిగింది బూరుల్.

"నా కొడుక్కి చేతుల్లేవా?"

బూరుల్ కెటిల్‌తోనే పక్కగదిలోకి నడిచి, దాన్ని సమత్ చేతికిచ్చింది. అతను తెల్లబోయి, "అయిపోయింది బంగారం, ఒప్పేసుకున్నాగా," అని గొణిగాడు. ఆమె అతని భుజం తట్టి, లేపి, ఆ కుర్చీలో తాను కూర్చుంది.

"నమస్కారం," అంది తెరమీది ముఖాలతో. "మావారు చాలా మంచివారు, ఒప్పేసుకున్నారు. అది రాసింది నేను. నేను ఒప్పుకోవడం లేదు."